నీడ పడని ఊరికి టికెట్టు

మా మావయ్య సాల్మన్ గారు మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడనిదే ఈ లోకంలో దేన్నీ నమ్మరు. ముప్పై ఆరేళ్లు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టుకి సరుకు చూసిపెట్టిన మనిషి. రైతు గోతం మూతి విప్పి పైన పరిచిన ఎర్రటి కాయలు చూపిస్తుంటే ఆయన వాటి వంక చూసేవారు కాదట. చెయ్యి అడుక్కి దించి, గుప్పెడు కాయ పైకి లాగి, ఒకటి విరిచి వాసన చూసి, "అడుగున తెల్లబారిన తాలు కాయ ఉంది, పైగా బరువు కోసం నీళ్లు కొట్టారు" అన్నారంటే ఇక ఆ మాటకి తిరుగుండేది కాదు. ఆ ఘాటుకి ఊపిరితిత్తులు పాడై, డాక్టరు యార్డుకి వెళ్లొద్దన్నాక రెండేళ్లుగా ఇంట్లో కూర్చుని కూరగాయల బండివాళ్ల ప్రాణాలు తోడేస్తున్నారు.

మా అత్తయ్య లిడియా గారు ఆయనకి పూర్తిగా ఎదురు. వినుకొండ చుట్టుపక్కల జిల్లా పరిషత్ స్కూళ్లలో ముప్పై మూడేళ్లు సోషల్ చెప్పారు. చెయ్యి పెట్టి చూడ్డానికి వీల్లేని వాటిని నమ్ముకుని బతికిన మనిషి ఆవిడ. అక్షాంశాలు, రేఖాంశాలు, భూమి ఒరిగి తిరగడం, అన్నీ అలాంటివే కదా. ఇలాంటి ఇద్దరు మనుషులు ఒక కొంపలో నలభై ఏళ్లు కాపురం ఎలా చేశారో కోడలిగా వచ్చిన పదకొండేళ్లలో నాకైతే అంతు చిక్కలేదు.

మొన్న జనవరి ఆఖర్లో, యార్డులోకి కొత్త కాయ దిగడం మొదలై, ఏటుకూరు రోడ్డు మీద మా ఇంటి ముందునించి లారీలు వరసకట్టి పోతున్న రోజుల్లో, ఒక ఆదివారం గుడి నించి వచ్చి భోజనాలు చేస్తుండగా అత్తయ్య ఆ మాట అన్నారు.

"మార్చిలో నేను భూమధ్యరేఖ మీదికి వెళ్తున్నానండీ. మీరూ రండి."

మావయ్య ముద్ద కలపడం ఆపలేదు. "ఏ బస్సెక్కాలి?" అన్నారు.

మా ఆయన ప్రభు పొలమారి దగ్గాడు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. ఇండోనేషియాలో పొంటియానక్ అనే ఊరు ఉందనీ, భూమధ్యరేఖ సరిగ్గా ఆ ఊళ్లోంచే పోతుందనీ, అక్కడ ఒక స్తంభం కట్టారనీ చెప్పారు. మార్చి ఇరవై ఒకటి నించి ఇరవై మూడు దాకా మిట్టమధ్యాహ్నం ఆ స్తంభానికి నీడ ఉండదు. మనిషి నిలబడినా నీడ ఉండదు. ఈ పాఠం ఆవిడ తొమ్మిదో తరగతికి ముప్పై మూడుసార్లు చెప్పారు. బోర్డు మీద గీత గీసి, గీత మీద మనిషిని నిలబెట్టి, "ఇదిగో, నీడ లేదు" అన్నప్పుడల్లా ఎవరో ఒక పిల్ల లేచి, "మీరు చూశారా టీచర్?" అని అడిగేదట. "లేదమ్మా, పుస్తకంలో ఉంది" అని ముప్పై మూడేళ్లు ఒకటే జవాబు చెప్పడం ఆవిడకి నామోషీగా ఉండేదట.

"మరి సెప్టెంబరులో కూడా వచ్చిద్దన్నావుగా ఒకసారి, రాత్రీ పగలూ సమానమని?" అన్నారు మావయ్య. ఆయన విననట్టు ఉంటారు గానీ అన్నీ వింటారు.

"వస్తుంది. కానీ సెప్టెంబరులో అక్కడ అడవులు తగలబెడతారు. ఊరంతా పొగ కమ్ముతుంది. మీ ఊపిరితిత్తులు ఆ పొగలో ఒక్క పూట ఆగవు. వెళ్తే మార్చిలోనే వెళ్లాలి."

మావయ్య చేతులు కడుక్కోడానికి లేచారు. ఇక్కడ నేనొక మాట చెప్పాలి. మా ఇంట్లో అత్తయ్య ముచ్చట్లన్నీ 'మిర్చి సీజన్ అయ్యాక' అనే డబ్బాలో పడి ఉండేవి. ఊటీ సీజన్ అయ్యాక, కన్యాకుమారి సీజన్ అయ్యాక. సీజన్ అయ్యేసరికి ఎండలు, ఎండలయ్యేసరికి బడులు. ఆవిడ ఒక్కసారీ అలగలేదు, అడగడం మానేశారంతే. రిటైరైన నెలలో ఎవరికీ చెప్పకుండా ఇద్దరికీ పాస్‌పోర్టులు చేయించారని ఆ రోజే మాకు తెలిసింది. ఈ ప్రయాణం కూడా ఆ డబ్బాలోకే పోతుందేమో అనుకున్నాను.

చేతులు కడుక్కొచ్చి మావయ్య తేల్చేశారు. "సరే, పోదాం. కానీ టికెట్టు కొనేది నేను. ఈ ఆన్‌లైన్ కొట్లలో ఎవడు మంచోడో ఎవడు మోసగాడో నేను చూసి చెప్పిందాకా ఎవరూ ఏదీ నొక్కమాకండి."

అత్తయ్య తలూపారు. నలభై ఏళ్ల అలవాటు మరి.

*

నేను మంగళగిరిలో ఒక చేనేత చీరల దుకాణంలో ఆన్‌లైన్ అమ్మకాలు చూస్తాను. ఇంట్లో లాప్‌టాప్ తెరవగలిగేది నేను కాబట్టి, రోజూ సాయంత్రం బస్సు దిగి వచ్చి టీ తాగగానే మావయ్య కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చునేవారు. ప్రభు కోల్డ్ స్టోరేజీలో ఎలక్ట్రీషియన్, సీజన్‌లో అతనికి ఊపిరాడదు. అత్తయ్య వంటింటి గడప దగ్గర వెల్లుల్లి ఒలుస్తూ వినేవారు.

ప్రయాణాల టికెట్లు అమ్మే సైట్లు నాలుగు ఏరాను. ఆ పేర్లకి మావయ్యకి నోరు తిరగదు, రంగులే ఆయన గుర్తు. నీలంది, పచ్చది, పసుపుది, ఎర్రది.

మొదట ఎర్రదాన్ని తెరిచాం. ఎక్కడ చూసినా ఐదు నక్షత్రాలే. "అద్భుతం", "చాలా సంతృప్తి", "మా కుటుంబమంతా ఆనందించాం" అని జనం తెగ రాసేశారు. నేను చదువుతుంటే మావయ్య చెయ్యి అడ్డం పెట్టారు.

"అమ్మాయ్, అది పైన పరిచిన కాయ. అడుక్కి పో."

"అడుక్కా?"

"పాతవి తియ్యి. మరీ తిట్టినోళ్లని వదిలెయ్యి, వాళ్లు పెళ్లాం మీద కోపం కూడా అక్కడే రాస్తారు. బాగుందీ అనకుండా, బాలేదూ అనకుండా మధ్యలో ఉన్నోడు ఏమంటున్నాడో చదువు."

వెతికాను. మూడు నక్షత్రాల వాళ్లు ఎర్రదాంట్లో ఒక్కరూ లేరు. ఐదు నక్షత్రాల వాళ్లంతా ఒకే వారంలో, దాదాపు ఒకే మాటల్లో రాశారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది.

"మావయ్యా, ఒక సంగతి చెప్తా, ఎవరికీ చెప్పకండి. మా దుకాణం చీరలకి ఇలాంటివి నేనే రాస్తాను. హైదరాబాదు నించి శ్రావణి, బెంగళూరు నించి దీప్తి, అన్నీ నేనే."

మావయ్య నా వంక అదోలా చూశారు. "అంటే గోతం పైన పరిచేది నువ్వేనన్నమాట" అని పకపకా నవ్వారు. ఆయన అంత గట్టిగా నవ్వడం యార్డు మానేశాక అదే మొదటిసారి. నవ్వు దగ్గులోకి దిగింది. అత్తయ్య లేచి మంచినీళ్లిచ్చారు. ఆ మర్నాటి నించి నేను శ్రావణినీ దీప్తినీ మానేశాను.

పసుపు సైటు మొదటి పేజీలో రేటు తక్కువ చూపించింది. పేరు నింపగానే కాస్త పెరిగింది. పెట్టెకి ఇంత, సీటుకి ఇంత, సౌకర్యానికి ఇంత అంటూ ఆఖరి పేజీకొచ్చేసరికి మొదటి దానికీ దానికీ పోలికే లేదు. "నీళ్లు కొట్టారు" అన్నారు మావయ్య, లాప్‌టాప్ మూసేస్తూ. "కాటాకొచ్చేసరికి బరువు పెరిగే సరుకు మనకొద్దు."

ఇక మిగిలినవి నీలం, పచ్చ. రెండిట్లోనూ మధ్యరకం మనుషులు మధ్యరకంగా రాశారు. విమానం రద్దయితే డబ్బు వచ్చింది గానీ ఆలస్యంగా వచ్చిందని ఒకాయన, పేజీ నెమ్మదిగా తెరుచుకుంటుందని ఒకావిడ. మావయ్యకి ఈ విసుగులు బాగా నచ్చాయి. మొదటి పేజీలో చూపిన రేటే రెండూ ఆఖర్న కూడా చూపించాయి. ఇంక ఫోన్ పరీక్ష ఒకటే మిగిలింది. కొట్లో మనిషి లేకపోతే సరుకు దించకూడదనేది ఆయన సిద్ధాంతం.

ఒక శనివారం, నేను ఒంటిపూట పని చేసి వచ్చేసిన రోజు, మధ్యాహ్నం పచ్చ సైటుకి ఫోన్ చేశారు. సంగీతం మొదలైంది. స్పీకర్ పెట్టి పళ్లెం పక్కన పెట్టుకుని భోంచేశారు. పప్పయింది, గోంగూర అయింది, మజ్జిగ కూడా అయింది, సంగీతం మాత్రం ఆగలేదు. ఇరవై రెండు నిమిషాలకి అదే ఆగిపోయింది. "ఇది మూసేసిన కొట్టు" అని తీర్పిచ్చి నీలం సైటుకి చేశారు. తెలుగు కోసం నాలుగు నొక్కమంది. నాలుగు నొక్కగానే ఒక పిల్ల పలికింది.

"నమస్కారమండీ, నేను మీకు ఎలా సహాయపడగలను?"

"ముందు మీదే ఊరో చెప్పమ్మా."

"ఒంగోలండీ."

"ఒంగోల్లో ఎక్కడ?"

"లాయర్‌పేట అండీ. మీకు టికెట్ల గురించి ఏమన్నా..."

"లాయర్‌పేట నాకు తెలవకపోడమేంది! మా తోడల్లుడు అక్కడే ఉండేవాడు. చూడమ్మా, నీ సొంత నాయన టికెట్టు కొనాలంటే మీ సైట్లో కొంటాడా?"

ఆ పిల్ల నవ్వింది. "మా నాన్న బస్సు కూడా ఎక్కడండీ. కొంటే మాత్రం ఇక్కడే కొనమంటాను."

మావయ్య ఫోన్ పెట్టేసి, యార్డులో సరుకు ఒప్పుకున్నట్టే తొడ మీద చేత్తో చరిచారు. "నీలంది ఖాయం."

అత్తయ్య వెల్లుల్లి పళ్లెం పక్కన పెట్టి లేచారు. "అయితే ఇప్పుడే కొనేద్దామా? ఇరవయ్యో తారీకు పొద్దున చేరే విమానం ఉందన్నావుగా ఆరాధనా?"

"ఉందత్తయ్యా. హైదరాబాదు నించి. ఆరు సీట్లున్నాయి" అన్నాను.

మావయ్య చేతులు రెండూ ఊపారు. "ఆగండాగండి. ఇవాళ శనివారం. శని ఆదివారాలు యార్డు సెలవు. సోమవారం పొద్దున రెండు రోజుల సరుకు ఒక్కసారే దిగిద్ది. రేటు పడిద్ది. సోమవారం కొనేవాడే మొనగాడు."

"మావయ్యా, అది మిరపకాయలకి" అన్నాను.

"ఏ సరుకైనా అంతేనమ్మాయ్. ఆరు సీట్లే ఉన్నాయని చెప్పటం కూడా పాత ఎత్తే. 'ఆఖరి లాటు, ఆఖరి లాటు' అనని బ్రోకరు ఉంటాడా?"

అత్తయ్య నా వంక చూశారు, ఆయన వంక చూశారు. పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లారు. నేను ఆ రోజు గట్టిగా అడ్డం పడాల్సింది. మావయ్య ముఖంలో రెండేళ్ల తర్వాత వెలుగు చూసి నోరు రాలేదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

*

సోమవారం మావయ్య తెల్లవారుతూనే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎనిమిది గంటలకల్లా కుర్చీలో కూర్చున్నారు. అచ్చం యార్డుకి పోయేటప్పటి తయారీ. నేను లాప్‌టాప్ తెరిచాను. హైదరాబాదు విమానంలో సీట్లు లేవు. పంతొమ్మిదికి లేవు, ఇరవైకి లేవు. ఎటు తిప్పి చూసినా పొంటియానక్ చేరేది ఇరవై అయిదో తారీకునే.

"ఇంకోసారి నొక్కు" అన్నారు మావయ్య.

నొక్కాను. మళ్లీ నొక్కాను. పసుపుదాంట్లో చూశాను, ఎర్రదాంట్లోనూ చూశాను. అన్నీ అదే పాట పాడాయి.

అత్తయ్యకి కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి పక్కింటి జాన్‌బీ వచ్చింది. సంగతి విని ముక్కున వేలేసుకుంది. "అదేంది టీచరమ్మా, ఆ వారంలోనేగా మా రంజాన్ పండగ! ఇండోనేషియా అంటే అక్కడంతా మావాళ్లే. పండక్కి ఎవరి ఊళ్లకి వాళ్లు పోరూ? మనకి బస్సులే దొరకవు, ఇంక విమానం దొరికిద్దా?"

ఇంత చదువుకున్న వాళ్లం ముగ్గురం ఉన్నాం. క్యాలెండరు గోడకి వేలాడుతూనే ఉంది. ఎవరికీ తట్టలేదు.

మావయ్య గొంతు సవరించుకున్నారు. "సోమవారం పడాలే రేటు..." అని గొణిగారు.

"ఆ విమానాలు మిరపకాయలు మొయ్యవండీ" అన్నారు అత్తయ్య. కోపంగా అనలేదు. పిల్లలకి తప్పు దిద్దేటప్పటి గొంతుతో అని, జాకెట్లు తీసుకుని లోపలికి పోయారు. ఆ రోజంతా ఆవిడ మామూలుగానే వండారు, మామూలుగానే వడ్డించారు. సాయంత్రం నేను వచ్చేసరికి మావయ్య వరండాలో కూర్చుని ఉన్నారు, టీ చల్లారిపోయి ఉంది.

"వచ్చే ఏడు పోదాంలే అని చెప్పమ్మా మీ అత్తకి" అన్నారు మెల్లగా. "నేను చెప్తే బాగుండదు."

"నేను చెప్పను మావయ్యా" అన్నాను. ఆయనతో అలా మాట్లాడింది అదే మొదలు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

*

మంగళవారం నాకు సెలవు. పొద్దున లేచి చూస్తే భోజనాల బల్ల మీద అట్లాసు పరిచి ఉంది. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని స్కేలూ పెన్సిలూ పట్టుకుని కూర్చున్నారు.

"ఆరాధనా, ఇటు చూడు. మనం ఇన్నాళ్లూ సైటుని ఏమడిగాం? హైదరాబాదు నించి పొంటియానక్‌కి విమానం ఉందా అని అడిగాం. అది లేదంటోంది. దానికి విమానాలే తెలుసు, భూమి తెలీదు." పెన్సిలు బోర్నియో ద్వీపం మీద పెట్టారు. "ఇది ఒకే ద్వీపం. పైభాగం మలేషియా, కిందిభాగం ఇండోనేషియా. పైన కూచింగ్ అనే ఊరుంది. అక్కడినించి పొంటియానక్‌కి రోడ్డుంది. సరిహద్దు దాటి బస్సులు పోతాయట, తొమ్మిది గంటలు. చెన్నై నించి కూచింగ్‌కి వెతుకు. పండక్కి నాలుగు రోజుల ముందు."

వెతికాను. నీలం సైటులో లేదు. పచ్చ సైటులో ఉంది. పదిహేడో తారీకు, చెన్నై నించి కౌలాలంపూర్, అక్కడినించి కూచింగ్, రానూపోనూ రెండు సీట్లు. బస్సు టికెట్లు అమ్మే ఆ దేశపు సైటు ఇంకోటి ఉంది, దాంట్లో పద్దెనిమిదికి బస్సూ ఉంది.

నా చెయ్యి ఆగింది. "అత్తయ్యా, ఇది పచ్చది. వీళ్లు ఫోన్ ఎత్తరు."

"ఎత్తకపోతే పోనీ. నాకు వాళ్లతో మాట్లాడే పనేముంది? లే, నేను కూర్చుంటాను."

ఆవిడ కూర్చుని ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఇద్దరి పేర్లూ, పాస్‌పోర్టు నంబర్లూ నింపారు. తన పెన్షన్ పడే బ్యాంకు కార్డు నంబరు కొట్టారు. అప్పుడు తెర మీద ఆరు గళ్లు వచ్చాయి. బ్యాంకు వాళ్లు ఫోనుకి పంపిన అంకెలు మూడు నిమిషాల్లో అందులో వెయ్యాలి. అత్తయ్య ఉద్యోగంలో చేరిన కొత్తలో తెరిచిన ఖాతా అది. దానికి ఎప్పుడో ఇచ్చిన ఫోన్ నంబరు మావయ్యది.

వరండాలో మావయ్య ఫోన్ టింగుమంది.

"ఏవండీ" అని పిలిచారు అత్తయ్య, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "మీ ఫోనుకి ఆరు అంకెలొచ్చాయి. చదవండి."

మావయ్య ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. "దేనికి?"

"టికెట్లకి."

"ఏ సైటు?"

"పచ్చది."

మావయ్య బల్ల మీది అట్లాసు చూశారు. బోర్నియో మీద గీసిన పెన్సిలు గీత చూశారు. తెర మీద నిమిషాలు తగ్గిపోతున్నాయి, రెండు నిమిషాలు, ఒకటిన్నర. ఇరవై రెండు నిమిషాల సంగీతం ఆయన చెవుల్లో మోగుతూనే ఉండుంటుంది. అడుగున ఏముందో ఆయన చూడని సరుకది. అత్తయ్య తలెత్తలేదు, బతిమాలలేదు, వేళ్లు మీటల మీద పెట్టి కూర్చున్నారు.

"నాలుగు" అన్నారు మావయ్య. ఆగి, ఫోన్ దూరంగా పట్టుకుని, "తొమ్మిది... తొమ్మిది... ఒకటి... సున్నా... ఏడు" అని చదివారు.

టికెట్లు వచ్చేశాయి. మావయ్య కుర్చీ లాక్కుని అత్తయ్య పక్కన కూర్చుని, "ఆ బస్సులో కిటికీ పక్కన నువ్వు కూర్చో. నేను రోడ్డు చూసేదేముంది" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లి అందరికీ మళ్లీ టీ పెట్టాను. పాలు పొంగిపోయినా నాకు పట్టలేదు.

*

ఆ తర్వాత ఇంట్లో ఒకటే హడావుడి. జాన్‌బీ అత్తయ్య హ్యాండ్‌బ్యాగుకి లోపలి జేబు కుట్టిపెట్టింది. మావయ్య కారప్పొడి డబ్బా మూడుసార్లు పెట్టెలో పెట్టారు, అత్తయ్య మూడుసార్లు తీశారు. గుళ్లో పాస్టరు అయ్యగారు ప్రసంగం అయ్యాక గుమ్మం దగ్గర ఆపి, "టీచరమ్మా, విదేశాలంటూ వెళ్తే యెరూషలేము వెళ్లాలి గానీ, ఈస్టరు ముందు శ్రమదినాల్లో ఈ స్తంభం చూసే పనేంటమ్మా?" అన్నారు.

"యెరూషలేములో నీడ పడుతుంది అయ్యగారూ" అన్నారు అత్తయ్య.

అయ్యగారు ప్రయాణం కోసం ప్రార్థన చేసి పంపించారు.

పచ్చ సైటు ఏ మోసమూ చెయ్యలేదు. కూచింగ్‌లో బస్సు గంట ఆలస్యమైందట, అంతే. సరిహద్దు దగ్గర వరసలో నిలబడి మావయ్య ఎవరి దగ్గరో ఎండుమిరపకాయలు చూసి, చెయ్యి ఊరుకోక ఒకటి విరిచి, "మన తాలు కాయ నయం" అని తేల్చారని అత్తయ్య ఫోన్లో చెప్పారు.

ఇరవై ఒకటి శనివారం. అక్కడ మిట్టమధ్యాహ్నం అంటే మనకి పొద్దున పదీ ఇరవై. పదిన్నరకి ఫోన్ వచ్చింది. అత్తయ్య గొంతు నీరసంగా ఉంది. "మబ్బు పట్టిందమ్మా. పొద్దుటినించి ఒకటే మబ్బు. నీడ లేదు, కానీ ఎవరికీ లేదు. అసలు ఎండే లేదు." గది ఆదివారం సాయంత్రం దాకానే తీసుకున్నారు. రాత్రికి మళ్లీ కూచింగ్ బస్సు. అంటే ఇంక ఒక్క మధ్యాహ్నమే మిగిలింది. ఆ రాత్రి ప్రభూ నేనూ ఫోన్లో పొంటియానక్ వాతావరణం చూసుకుంటూ కూర్చున్నాం. వాన గుర్తు, మబ్బు గుర్తు, మళ్లీ వాన గుర్తు.

ఆదివారం గుళ్లో ప్రసంగం మధ్యలో ఉండగా నా చేతిలో ఫోన్ వణికింది. పదీ పదిహేను. అయ్యగారి చూపు తప్పించుకుని బయట వరండాలోకి పరిగెత్తాను. వీడియో కాల్. తెర నిండా ఎండ, జనం కేకలు, డోలు శబ్దం.

"ఎండొచ్చిందమ్మాయ్!" అని అరిచారు మావయ్య. ఫోన్ ఆయన చేతిలో ఉంది.

తెర మీద అత్తయ్య నడుము వరకే కనిపిస్తున్నారు. ఆవిడ తన పాదాల వంక చూసుకుంటున్నారు. నీలం చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని, ఒక అడుగు ఇటు వేసి, ఒక అడుగు అటు వేసి, మళ్లీ చూస్తున్నారు. చుట్టూ జనం ఏదో భాషలో లెక్కపెడుతున్నారు.

"మావయ్యా, కిందకి పట్టండి! కెమెరా కిందకి!" అని గుడి వరండాలో ఉన్నానన్న సంగతి మర్చిపోయి అరిచాను.

ఆయన పట్టలేదు. అత్తయ్య నవ్వుతున్నారు. ఆవిడ నవ్వు నేను చాలాసార్లు చూశాను, ఇది ఎప్పుడూ చూసింది కాదు. నవ్వుతూనే చెంగుతో కళ్లు తుడుచుకున్నారు. జనం ఒక్కసారిగా హోరుమన్నారు. ఎంతసేపో తెలీదు, రెండు నిమిషాలో, అయిదు నిమిషాలో. కెమెరా ఆ ముఖం మీంచి ఇటూ అటూ కదల్లేదు.

గోల కాస్త తగ్గాక అడిగాను. "మావయ్యా, చూశారా? నీడ పోయిందా?"

తెర మీద ఇంకా అత్తయ్య ముఖమే ఉంది.

"మావయ్యా?"

"ఏమో అమ్మాయ్" అన్నారు. "నేను కింద చూళ్లా."

అత్తయ్య ఫోన్ లాక్కున్నారు. "విన్నావా ఆరాధనా! ఇన్ని విమానాలెక్కించి ఇంతదూరం తీసుకొస్తే ఈయన కింద చూడలేదట! ఏం మనిషమ్మా!" తిడుతున్నారు గానీ ఆవిడ ముఖమంతా నవ్వే. "రేపు కూడా ఉంటుంది. బస్సు రేపటికి మార్చేస్తున్నా, తిరుగు విమానం బుధవారమేగా. రేపు ఈయన మెడ వంచి చూపిస్తా."

ఫోన్ పెట్టేశారు. నేను కళ్లు తుడుచుకుని లోపలికి వచ్చి ప్రభు పక్కన నిలబడ్డాను. అందరూ ఆఖరి కీర్తనకి లేచి ఉన్నారు.

"ఏమైంది? నీడ లేదా?" అని చెవిలో అడిగాడు.

"మీ అమ్మ చూశారు. మీ నాన్న చూడలేదట."

"అక్కడి దాకా వెళ్లి చూడలేదా? మరి ఏం చూశాడంట?"

"మీ అమ్మని" అన్నాను.

ప్రభు పాటల పుస్తకం తెరిచి, నా వైపుకి జరిపి పట్టుకున్నాడు.